గుడ్డు తిన్నాక మూతి ఎర్రబడింది: ఎలర్జీయా, పడకపోవడమా?

ప్రశ్న

మా పాపకు ఏడో నెల నడుస్తోంది. తల్లిపాలతో పాటు రెండు నెలలుగా డబ్బాపాలు కూడా తాగుతోంది. ఆరు నెలలు నిండాక మెత్తటి ఆహారం మొదలుపెట్టాను. మొన్న బాగా ఉడికించిన గుడ్డును టమాటా గుజ్జుతో కలిపి రెండు చెంచాలు పెట్టగా, పది నిమిషాల్లో మూతి చుట్టూ ఎర్రబడి, అరగంటలో దానంతట అదే తగ్గిపోయింది. వాంతి, దద్దుర్లు, ఆయాసం ఏవీ లేవు. ఇది కాక, రెండు వారాల కిందట విరేచనాలు పట్టుకుని తగ్గిన నాటి నుంచి డబ్బాపాలు తాగినప్పుడల్లా పొట్ట ఉబ్బి, నీళ్లగా, నురగగా వెళ్తోంది. పాపకు బుగ్గల మీద, మోచేతుల మడతల్లో ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురదపెట్టే జబ్బు) ఉంది. గుడ్డు, వేరుశెనగ, పాలు ఏడాది నిండేదాకా ముట్టించవద్దని అత్తగారు, రక్తపరీక్షతో తేల్చుకుందామని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?

మొదటి సమాధానం

నేను పిల్లల పోషకాహార సలహాదారుగా పనిచేస్తున్నాను. పాపను చూడకుండా ఇది ఫలానా అని చెప్పలేను గానీ, డాక్టరుగారి దగ్గరికి వెళ్లేలోగా మీరు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి.

ఎలర్జీలో శరీరపు రక్షణ వ్యవస్థ ఆహారంలోని ఒక ప్రోటీన్‌ను శత్రువనుకుని ఎదురు తిరుగుతుంది కాబట్టి, చిటికెడు తిన్నా ప్రమాదం రావచ్చు. పడకపోవడంలో మాత్రం ఇబ్బంది అంతా అరుగుదలకు సంబంధించినది, అది తిన్న మోతాదును బట్టి ఉంటుంది. వెంటనే బయటపడే ఎలర్జీ సాధారణంగా నిమిషాల నుంచి రెండు గంటలలోపు దద్దుర్లుగా, పెదవుల వాపుగా, వాంతులుగా కనిపిస్తుంది. ఆహారం తగిలిన చోట మాత్రమే ఎర్రబడి తగ్గిపోవడం చాలాసార్లు టమాటా పులుపు వల్లనే జరుగుతుంది. అయితే రెండు కొత్త పదార్థాలను ఒకే గిన్నెలో కలపడంతో అనుమానం దేని మీదో తేలకుండా పోయింది. ఎగ్జిమా ఉన్న పిల్లలలో గుడ్డు ఎలర్జీ ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, రెండోసారి గుడ్డు పెట్టే ముందు డాక్టరుగారితో మాట్లాడండి.

మీ అత్తగారి మాట గాలిలోంచి పుట్టింది కాదు. గుడ్డు రెండేళ్లదాకా, వేరుశెనగ మూడేళ్లదాకా ఆపమని అమెరికా పిల్లల వైద్యుల సంఘమే 2000లో ఎలర్జీ ముప్పు ఉన్న పిల్లల విషయంలో చెప్పింది. ఆలస్యం వల్ల మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని 2008లో ఆ సలహాను వదులుకుంది. ఆ తర్వాత వేరుశెనగను పసితనంలోనే పెట్టడం మీద జరిగి 2015లో వెలువడిన లీప్ అనే అధ్యయనంలో తీవ్రమైన ఎగ్జిమా గానీ, గుడ్డు ఎలర్జీ గానీ ఉన్న 640 మంది పసివాళ్లను తీసుకున్నారు. మొదటి చర్మపరీక్షలో వేరుశెనగకు ఏ స్పందనా చూపనివారిలో, అయిదేళ్లు వచ్చేసరికి దానికి దూరంగా ఉన్నవారికి 13.7 శాతం, క్రమం తప్పకుండా తిన్నవారికి 1.9 శాతం మాత్రమే వేరుశెనగ ఎలర్జీ వచ్చింది. ఎగ్జిమా తీవ్రంగా ఉంటే మాత్రం వేరుశెనగ కూడా డాక్టరుగారిని అడిగే మొదలుపెట్టాలి, అదీ పలచటి ముద్దగానే. పలుకులు గొంతుకు అడ్డం పడతాయి.

రక్తపరీక్షకు తొందరపడకండి. పరీక్షలో స్పందన కనిపించినంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్టు కాదు, సుబ్బరంగా తినగలిగే పిల్లలకూ అలా రావచ్చు. కాగితం చూసి తిండి మానిపించిన ఇళ్లు నాకు చాలా తెలుసు.

రెండో సమాధానం

పై వివరణకు మా అనుభవం ఒకటి జోడిస్తాను. మా బాబుకు ఓట్స్ జావ తిన్న రెండు గంటలకు ఆగని వాంతులు పట్టుకుని, వాడు పాలిపోయి వడలిపోయాడు. ఒంటి మీద ఒక్క దద్దురు లేకపోవడంతో మేము దాన్ని కడుపులో ఇన్ఫెక్షన్ అనుకున్నాం. రెండోసారీ అదే జరిగాకే అది పేగులకు సంబంధించిన మరో రకం ఎలర్జీ అని, సాధారణ చర్మపరీక్షలో దొరకదని, బియ్యం, ఓట్స్, పాలు దానికి తరచు కారణాలని తెలిసింది. పాప ఏం తిన్నది, ఎన్ని గంటలకు ఏం జరిగింది అన్నది రాసిపెట్టుకోండి; మా విషయంలో డాక్టరుగారికి అన్నిటికంటే ఉపయోగపడింది ఆ కాగితమే.

మూడో సమాధానం

పాల సంగతి వేరు. నెలన్నర పాటు ఏ ఇబ్బందీ లేకుండా తాగిన పాలు విరేచనాల తర్వాతే పడకపోతున్నాయంటే, దెబ్బతిన్న పేగు గోడ లాక్టోజ్ అనే పాలచక్కెరను కొంతకాలం అరిగించుకోలేకపోతోందేమో. అది సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. తల్లిపాలు ఆపనవసరం లేదు. అంతేగాని, పాల ప్రోటీన్‌కు ఎలర్జీ అయితే లాక్టోజ్ లేని పాలు మార్చినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఆ ప్రోటీన్ వాటిలోనూ అలాగే ఉంటుంది. మలంలో నెత్తురు కనిపించినా, బరువు పెరగకపోయినా, మూత్రం తగ్గినా వెంటనే చూపించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నెత్తురు కనిపించలేదు, బరువు బాగానే పెరుగుతోంది. డాక్టరుగారు సరేనంటే గుడ్డును ఎంత పెట్టి మొదలుపెట్టాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు

మోతాదు డాక్టరుగారే చెబుతారు. సాధారణంగా చెంచా కొసకు అంటినంత ఉడికిన గుడ్డుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతారు. పాప హుషారుగా ఉన్న రోజున, పగటిపూట పెట్టి, రెండు గంటలు కనిపెట్టుకుని ఉండండి. పడితే వారానికి రెండు మూడు సార్లు పెడుతూ ఉండండి, మధ్యలో ఆపవద్దు. ఊపిరిలో పిల్లికూతలు, గొంతు బొంగురుపోవడం, నాలుక వాపు, పాప వాలిపోవడం వీటిలో ఏది కనిపించినా ఎలర్జీ సిరప్ పోసి ఎదురుచూడవద్దు. అప్పుడు తొడ కండకు ఇచ్చే ఎపినెఫ్రిన్ సూదిమందు అవసరం, కాబట్టి వెంటనే అత్యవసర వైద్యానికి బయలుదేరండి.