అప్‌డేట్: .38 స్పెషల్‌కి ఏ పౌడరో తేలింది

రివాల్వర్ తూటాలు సొంతంగా నింపుకోవడం మొదలుపెడుతూ, .38 స్పెషల్ అనే తూటాకి బుల్స్‌ఐ అనే తుపాకి మందు (పౌడర్) సరిపోతుందా అని అడిగాను కదా. తక్కువ మందుతో పనైపోతుందని దానివైపే మొగ్గాను. కొత్తవాళ్లకి అది వద్దని మీలో చాలామంది అన్నారు. ఎందుకో ఖాళీ కేసులో (మందు పోసే తూటా గొట్టంలో) పోసి చూశాక తెలిసింది.

ఈ కేసు 1898 ప్రాంతం నాటిది, పాతకాలపు బ్లాక్ పౌడర్ పట్టేలా చేసిన పొడవు. బుల్స్‌ఐ అందులో అడుగున ఎక్కడో ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పడినా పొంగదు, పైనుంచి చూస్తే అనుమానం కూడా రాదు. పేల్చినప్పుడు రివాల్వర్‌లో తూటాలుండే సిలిండర్ పగలొచ్చు. అది తలచుకుంటేనే ఒళ్లు జలదరించింది.

అందుకే ఎక్కువ చోటు తీసుకునే ట్రెయిల్ బాస్ పౌడర్ ఎంచుకున్నాను. తూటాలు నింపే మాన్యువల్‌లో అదే బుల్లెట్ బరువుకి ఇచ్చిన ప్రారంభ మోతాదుతోనే మొదలుపెట్టాను. ప్రతి కేసులో పోసే మందునీ తూకం వేశాను. బుల్లెట్ పెట్టేముందు కేసులన్నీ గుంతలున్న బ్లాకులో నిలబెట్టి, టార్చి వేసి మందు మట్టం చూశాను. ఈ ఒక్క అలవాటు మాత్రం ఎవరూ వదలకండి.

.357 మాగ్నమ్ అనే ఇంకో తూటాలో హెచ్110 పౌడర్ తగ్గించి వాడొచ్చా అని కూడా అడిగాను. వద్దు. ఆ మందు బాగా తగ్గిస్తే సరిగా అంటుకోదు, బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కోవచ్చు. శబ్దం మెత్తగా వస్తే అక్కడే ఆపి, తుపాకీ ఖాళీ చేసి బ్యారెల్ చూడాలి.

మొదటి యాభై నిన్న పేల్చాను. అన్నీ ఒకేలా పేలాయి, కేసులు తేలిగ్గా బయటికొచ్చాయి.