వరిలో తాటాకు తెగులు: నాటే ముందు నారు కొనలు తుంచాలా, వద్దా?

నారుమడి:
కొనలు తుంచి నాటితే హిస్పా, అదే తాటాకు తెగులు, తగ్గుతుందని సిఫారసు. తుంచితే ఎండాకు తెగులు అంటుకుంటుందని ఇంకో సిఫారసు. సాంబ మసూరి వేసేవాళ్లు ఏది వినాలి?

గట్టుమీద:
తుంచాల్సిందే. పేరుకు తెగులు గానీ ఇది పెంకు పురుగు. నీలి నలుపు రంగు, ఒళ్లంతా ముళ్లు, పొడవు 5 మిల్లీమీటర్లు. తల్లి పురుగు లేత ఆకు కొన దగ్గర పొర కింద గుడ్లు ఒక్కొక్కటిగా దూరుస్తుంది. 4-5 రోజుల్లో పిల్లపురుగు పుట్టి, రెండు పొరల మధ్య పచ్చదనం తింటూ అక్కడే పెరిగి, అక్కడే ప్యూపా (పెద్ద పురుగుగా మారే ముందు కదలని దశ) అవుతుంది. పైన కొట్టిన మందు లోపలున్నదానికి సరిగా అందదు. గుడ్డు కొనలో ఉన్నప్పుడే కొన తీసేస్తే పోతుంది కదా! ఆకు కొనల మీద పెట్టిన కాండం తొలిచే పురుగు గుడ్లూ దాంతోపాటే పోతాయి.

సాంబచేను:
గట్టుమీద గారూ, పురుగు గురించి మీరన్నది నిజమే. కానీ తెగిన ప్రతి కొనా ఒక గాయం, ఎండాకు తెగులు బాక్టీరియా గాయాల గుండా లోపలికి పోతుంది. కట్టలు కట్టలుగా ఒకే కొడవలితో కోస్తే ఒక్క రోగపు మొక్క రసం వందల మొక్కలకు పూసినట్టే. హిస్పా తిన్న పైరు పిలకల దశలో కొత్త ఆకులు వేసి తేరుకుంటుంది. ఎండాకు తెగులు పట్టిన పైరును నయం చేసే మందు లేదు. పైగా మీరెంత తుంచినా పెద్ద పురుగులు పక్క చేల నుంచి ఎగిరి వస్తాయి.

పైరుచూపు:
ముందు నారు చూడండి. పీకడానికి రెండు రోజుల ముందు ఆకుల్ని ఎండకెదురుగా పట్టుకోండి. సమాంతరంగా తెల్లటి చారలుంటే అవి పెద్ద పురుగు గీకినవి. పొక్కుల్లాంటి పాలిపోయిన మచ్చలో కదిలేదుంటే పిల్లపురుగు. మచ్చ ఆకు సగానికి దిగిపోతే కొన తుంచి లాభం లేదు, ఆ ఆకునే గిల్లేయాలి. మంచు తడి ఆరాకే తుంచండి. తుంచినవి చేలో పారేయొద్దు, కాల్చండి. ప్యూపాకు తిండి అక్కర్లేదు, తెగిన ఆకులోంచే పెద్ద పురుగై రాగలదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి రూపొందించి 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలో ఎండాకు తెగులును తట్టుకునే జన్యువులు మూడున్నాయి. అది వేసినవాళ్లకు ఈ భయం చాలా తక్కువ.

గట్టుమీద:
ఇది ఒప్పుకుంటాను. యూరియా మాటా కలపండి. నత్రజని ఎక్కువైతే హిస్పాకూ ఎండాకు తెగులుకూ రెండింటికీ బలమే.

నారుమడి:
మరి నిరుడు ఎండాకు తెగులు వచ్చిన చేలో మామూలు సాంబ మసూరే వేస్తే?

పైరుచూపు:
అక్కడ తుంచొద్దండి. నాటాక లెక్కపెట్టండి. దుబ్బుకు 2 పెద్ద పురుగులు గానీ, 2 దెబ్బతిన్న ఆకులు గానీ కనిపిస్తే లీటరు నీటికి 20 శాతం క్లోరిపైరిఫాస్ మందు 2.5 మి.లీ. చొప్పున కలిపి ఆకులు బాగా తడిసేలా కొట్టండి. అంతకు తక్కువుంటే ఆగి, వారానికోసారి చూడండి.