ఈమెయిల్ గూఢచారి ఆట: నిఘా సీన్లు వారాలు తింటున్నాయి

మెయిళ్ల మీద నేను నడుపుతున్న గూఢచారి ఆట ఇది. ఆటగాళ్లు 5 మంది: ఇద్దరు హైదరాబాద్, ముగ్గురు అమెరికా. కథాస్థలం నేటి వియన్నా. ఆదివారం రాత్రి 9 లోపు ఆర్డర్లు (తమ పాత్ర ఏం చేయాలో ఆటగాళ్లు రాసి పంపేవి), బుధవారం నా ఫలితాలు, ఎవరి మెయిల్ వారికే. ఒక టర్న్ అంటే ఆటలో ఒక రోజు.

డెడ్ డ్రాప్‌లు (ఎదురుపడకుండా ఒక రహస్య చోట వస్తువు వదిలి, మరొకరు తీసుకోవడం), రిపోర్టులు ఇందులో హాయిగా నడుస్తాయి. చిక్కంతా నిఘా దగ్గరే. ఒకరు కార్ల్స్‌ప్లాట్జ్‌లో యూ1 మెట్రో ఎక్కి, స్టెఫాన్స్‌ప్లాట్జ్‌లో యూ3కి మారి, వెనకెవరైనా ఉన్నారేమో చూసుకోవాలి. ఆటలో 40 నిమిషాల పని; మెయిళ్లలో 3 వారాలు పట్టింది. మిగతా నలుగురూ ఖాళీ.

షరతులతో ఆర్డర్లు పెట్టించాను ("అదే మనిషి రెండుసార్లు కనబడితే మీటింగ్ రద్దు"), ఒక్కొక్కరికి 3 వరకు. ఆ మూడింట్లో లేని పరిస్థితి ఎదురవగానే మళ్లీ ప్రశ్నల మెయిళ్లు. తర్వాత రూటంతటికీ ఒకే పందెం: రెండు పాచికలు, 9 దాటితే వెంబడించేవాడు ఆటగాడి కంటపడ్డట్టు. పాచికలు నేనే చాటుగా వేస్తాను, లేకపోతే "ఎవరూ లేరు" అన్న మాటకు విలువే ఉండదు. వేగం వచ్చింది, ఉత్కంఠ చచ్చింది. వీడియో కాల్ టైమ్ తేడా వల్ల కుదరలేదు.

మధ్యలో ఆటగాడికి కనీసం ఒక్క నిర్ణయం మిగిలేలా, నిఘా సీనును రెండు మెయిళ్లలో ముగించడానికి మీరు వాడే నియమం ఏమిటి?