లండన్ పాత గోడలో రోమన్లు కట్టింది ఎంతవరకు?

ప్రశ్న
టవర్ హిల్ స్టేషన్ పక్కనున్న గోడ మొత్తం రోమన్ల కాలానిదేనా? ఫొటోల్లో కింద ఒకలా, పైన ఒకలా కనిపిస్తోంది. చూసి ఎలా గుర్తుపట్టాలి? ఒక పూటలో ఇంకెక్కడ చూడొచ్చు?

జవాబు 1
మొత్తం కాదండి. అక్కడ గోడ ఎత్తు సుమారు 10 మీటర్లు. అందులో కింది 4 మీటర్ల చిల్లరే రోమన్లది, పైది మధ్యయుగంలో పెంచారు. ఎర్రటి పలక ఇటుకల వరసలు చూడండి. చెక్కిన రాళ్ళు కొన్ని వరసలు, వాటిమీద రెండు మూడు వరసల ఇటుక, మళ్ళీ రాయి. ఆ ఎర్ర చార ఒకే మట్టంలో సాగుతుంది. అది అందానికి పెట్టింది కాదు. గోడకు రెండు ముఖాల్లోనే చెక్కుడు రాయి, నడుమంతా రాతిముక్కలూ సున్నం గచ్చూ. ఇటుక వరసలు ముఖాన్ని లోపలి నింపుడుకి పట్టి ఉంచుతాయి, మట్టమూ సరిచేస్తాయి. మధ్యయుగపు పైభాగంలో ఈ క్రమం ఉండదు.

జవాబు 2
ఒక చిన్న జాగ్రత్త: ఒకటి రెండు ఎర్ర ఇటుకలు కనిపించగానే రోమన్ అనుకోవద్దు. తర్వాతివాళ్ళు పాత ఇటుకలే ఏరి వాడుకున్నారు. వరస తెగకుండా సాగితేనే నమ్మండి. బయటివైపు అడుగున ఎర్ర ఇసుకరాతి పీఠం కనిపిస్తే, ఆనాటి నేలమట్టం అదే. క్రీ.శ. 200 ప్రాంతంలో కట్టిన గోడ ఇది. రాయి కెంట్‌లోని మెయిడ్‌స్టోన్ వైపు నుంచి పడవల్లో వచ్చింది. ఆ రాతి సరుకుతో మునిగిన రోమన్ పడవ 1962లో లండన్‌లోనే థేమ్స్ నది ఒడ్డున, బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర బయటపడింది కూడా.

జవాబు 3
టవర్ హిల్ నుంచి కూపర్స్ రో, అక్కడ హోటల్ వెనక పెరట్లో ఇంకో ముక్క ఉంది. తర్వాత వైన్ స్ట్రీట్, అక్కడ ఒక భవనం లోపల గోడ ముక్క చూపిస్తారు. ప్రవేశం ఉచితమే, ముందుగా టికెట్ బుక్ చేసుకోండి. చివరికి నోబుల్ స్ట్రీట్.

ప్రశ్న అడిగినవారు
నోబుల్ స్ట్రీట్‌లో రెండు గోడలు ఆనుకుని ఉన్నాయేమిటండి?

జవాబు 1
బయటి సన్నగోడ క్రీ.శ. 120 ప్రాంతపు సైనిక కోటది. ఊరి గోడ కట్టేటప్పుడు కోట గోడనే కలుపుకున్నారు. అది పల్చన కాబట్టి లోపలివైపు ఇంకో గోడ చేర్చి మందం పెంచారు. రెండూ కలిసే అతుకు ఇప్పటికీ తెలుస్తుంది. 1940 బాంబుదాడిలో పై భవనాలు కూలాకే ఇది బయటపడింది. రోడ్డు అంచునున్న రెయిలింగ్ దగ్గర నిలబడి కిందికి చూడండి.