480 అంకెలా, 24 ఎలుకలా? అనోవా ఎలా చేయాలి?

ఫార్మా_పిల్ల (బెంగళూరు):
ఎం.ఫార్మ్ చివరి సంవత్సరం నాది. స్కోపొలమైన్‌తో మతిమరుపు తెప్పించి, మారిస్ వాటర్ మేజ్‌లో ఎలుకల జ్ఞాపకశక్తి చూశాను. గుంపుకు 8 చొప్పున మూడు గుంపులు: సెలైన్, స్కోపొలమైన్, స్కోపొలమైన్‌తో పాటు మందు. ఐదు రోజులు, రోజుకు నాలుగు ఈతలు. నీళ్లలో దాచిన ప్లాట్‌ఫాం ఎక్కడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాశాం, దొరక్కపోతే 60 వేశాం. మొత్తం 480 అంకెలు. అన్నీ కలిపి వన్ వే అనోవా (గుంపుల సగటుల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని చూసే లెక్క) చేసేయ్ అంటున్నాడు మా సీనియర్. స్టాటిస్టిక్స్ చదివే నా రూమ్మేట్ అది మహాపాపం అంటోంది. సోమవారం వైవా, టెన్షన్‌గా ఉంది.

యలహంక_బావ:
సీనియర్ మాట విను చెల్లీ. పాత థీసిస్‌లు తిరగేస్తే చాలామంది చేసింది అదే. ఎగ్జామినర్ పట్టించుకోడు.

లెక్కల_మాస్టారు:
ఎగ్జామినర్ సంగతి పక్కన పెట్టండి. నీ దగ్గర ఉన్నవి 24 ఎలుకలమ్మా, 480 కావు. మొద్దు ఎలుక ఇరవైసార్లూ మొద్దుగానే ఈదుతుంది. ఒకే మనిషిని ఇరవైసార్లు అడిగి ఇరవై ఓట్లు పడ్డాయంటే ఒప్పుకుంటామా? ఒకే ఎలుక కొలతల మధ్య పోలిక (కోరిలేషన్) 0.3 అనుకో, 1+19×0.3 అంటే 6.7. మందు ఏమీ చేయకపోయినా ఎఫ్ విలువ, అంటే గుంపుల మధ్య తేడాకీ గుంపులోపలి తేడాకీ నిష్పత్తి, సగటున దాదాపు అన్ని రెట్లు ఉబ్బుతుంది. గుంపుల తేడా చూసేటప్పుడు ఎర్రర్‌కి (గుంపులోపలి తేడాకి) డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే స్వతంత్రంగా దొరికే సమాచారం లెక్క, 21 ఉండాలి, 477 కాదు.

యలహంక_బావ:
అయితే ఇన్నాళ్లూ అందరూ తప్పే చేశారా మాస్టారూ?

లెక్కల_మాస్టారు:
అనోవా కనిపెట్టిన ఫిషర్ అంతటివాడే చేశాడు బాబూ. 1923లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం బంగాళదుంప మడుల లెక్కలో పెద్ద మడికీ, అందులోని చిన్న మడులకీ ఒకటే ఎర్రర్ వాడేశాడు. 1925 పుస్తకంలో తనే విడదీసి సరిచేశాడు. ఇక్కడ ఎలుక పెద్ద మడి, రోజులు చిన్న మడులు. అమ్మాయీ, రోజువారీ నాలుగు ఈతలకీ సగటు తీసుకో. గుంపు ఎలుకల మధ్య, రోజు ఎలుకలోపల పెట్టి మిక్స్‌డ్ అనోవా చెయ్యి. గుంపు-రోజు ఇంటరాక్షన్ (రోజులు గడిచేకొద్దీ గుంపుల తేడా మారుతోందా అన్నది) చూడు, నేర్చుకునే వేగంలో తేడా అక్కడే తెలుస్తుంది. స్ఫెరిసిటీ (ఏ రెండు రోజుల తేడా తీసుకున్నా చెదురు ఒకేలా ఉండాలన్న షరతు) కుదరకపోతే గ్రీన్‌హౌస్-గైసర్ సవరణ పెట్టు.

బ్యాటరాయనపుర_రావు:
మాస్టారి మాటకి సగమే ఒప్పుకుంటా. ఆ 60 సంగతేంటి? అది కొలత కాదు, మనం విజిల్ ఊదిన సమయం. మొదటిరోజు సగం ఎలుకలు 60 దగ్గర ఇరుక్కుంటాయి, ఐదోరోజు చాలావరకు కిందికి దిగిపోతాయి. ఇలాంటి డేటాకి సగటేంటి, వేరియెన్సేంటి? రోగుల మీద వాడే సర్వైవల్ పద్ధతి, అంటే ఏదైనా జరగడానికి ఎంతసేపు పట్టిందో, గడువులోపు జరగనివాటినీ కలిపి లెక్కించే కాక్స్ మోడల్, దీనికే సరిపోతుంది. పైగా స్కోపొలమైన్‌తో ఈత వేగం మారితే సెకన్లు మోసం చేస్తాయి. ఈదిన దూరం కూడా చూడాలి.

లెక్కల_మాస్టారు:
దూరం మాట నిజం. కాక్స్ కూడా మంచిదే, కానీ అందులోనూ ఒకే ఎలుక ఇరవైసార్లు వస్తుంది కదా, దానికీ సర్దుబాటు కావాలి. ఎంఫార్మ్ పిల్లని సోమవారం లోపు అది నేర్చుకోమంటారా? 60లు కొద్దిగా ఉంటే నాలుగింటి సగటుతో అనోవా నెగ్గుకొస్తుంది. మరీ ఎక్కువైతే మీదే పైచేయి.

ఫార్మా_పిల్ల:
ఇప్పుడే లెక్కపెట్టాను మాస్టారూ. 60లు 61 ఉన్నాయి. అందులో 20 ఒక్క 17వ నంబర్ ఎలుకవే! గోడ పట్టుకుని తిరుగుతూనే ఉంటుంది.

బ్యాటరాయనపుర_రావు:
తెల్ల విస్టార్ ఎలుకా? వాటి చూపు అంతంతమాత్రమే. ప్లాట్‌ఫాం పైకి కనిపించేలా పెట్టి ఈదించావా? అప్పుడూ దొరక్కపోతే అది మతిమరుపు కాదు, చూపో, కాళ్లో, భయమో.

లెక్కల_మాస్టారు:
ఫలితం చూశాక దాన్ని చడీచప్పుడు లేకుండా తీసేయకు. ఉంచి ఒకసారి, తీసి ఒకసారి చేసి, రెండూ రాయి.

ఫార్మా_పిల్ల:
ఆ పరీక్ష అసలు పెట్టనేలేదు. 17 ఇంకా యానిమల్ హౌస్‌లోనే ఉంది. మా గైడ్‌ని అడిగి, రేపు పొద్దున్నే ట్యాంక్ నింపుతాను.