స్విర్ల్స్ పోవాలంటే ఏ ప్యాడ్? ఫోమా, మైక్రోఫైబరా?

నల్లబానెట్ (ప్రశ్న)

కారు నల్ల రంగు. కంపెనీ పెయింటే, మళ్లీ వేయించింది కాదు. ఎండలో నిలబెడితే బానెట్ నిండా సాలెగూడులా గుండ్రటి సన్న గీతలు (స్విర్ల్స్) కనిపిస్తున్నాయి. గోరుతో నిమిరితే తగలడం లేదు. 15 మి.మీ. త్రో (ప్యాడ్ ఊగే వెడల్పు) ఉన్న డీఏ పాలిషర్ (ప్యాడ్‌ను ఊపుతూ తిప్పే డ్యూయల్ యాక్షన్ మెషిన్), 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్ అతికించే పళ్లెం), ఒక మీడియం పాలిష్, ఒక ఫినిషింగ్ పాలిష్ ఉన్నాయి. ప్యాడ్ల దగ్గరే ఆగిపోయాను.

ఆరెంజ్ ఫోమ్ ప్యాడ్‌తో బానెట్ మీద ఒకచోట చేసి చూశాను. సగానికి పైగా పోయాయి, మిగిలినవి కదలడం లేదు. మైక్రోఫైబర్ కటింగ్ ప్యాడ్ పెడితే పోతాయని కొందరు, నల్ల కారు మీద అది పెట్టనే వద్దని కొందరు. పైగా ఒక కంపెనీ పసుపు ప్యాడ్ గట్టిదట, ఇంకో కంపెనీ పసుపు మెత్తనిదట. ఏవి కొనాలి, ఎన్ని కొనాలి?

సానపట్టు

ముందు రంగుల సంగతి. అందరూ పాటించే రంగుల పద్ధతి అంటూ ఏదీ లేదు. లేక్ కంట్రీ కంపెనీ ఫోమ్‌లలో పసుపు గట్టి కటింగ్ ప్యాడ్, ఆరెంజ్ లైట్ కటింగ్, తెలుపు పాలిషింగ్, నలుపు ఫినిషింగ్. రూపెస్‌లో నీలం గట్టిది, ఆకుపచ్చ మధ్యరకం, పసుపు ఫైన్, తెలుపు అన్నిటికన్నా మెత్తన. అంటే ఒకరి పసుపుతో గీతలు తీస్తే, ఇంకొకరి పసుపుతో మెరుపు తెస్తాం. కొనేటప్పుడు రంగు వదిలేసి దాని మీద కటింగ్ అని ఉందా, పాలిషింగ్ అని ఉందా, ఫినిషింగ్ అని ఉందా చూడండి. కుదిరినంతవరకు అన్నీ ఒకే కంపెనీవి తీసుకోండి, మెట్లు సరిగ్గా కుదురుతాయి.

ఇక అసలు విషయం. మైక్రోఫైబర్ కొనే ముందు, మీ ఆరెంజ్ ప్యాడ్ ఎందుకు ఆగిపోయిందో తేల్చుకోండి. గోరుకు తగలని స్విర్ల్స్‌కి లైట్ కటింగ్ ఫోమ్, మీడియం పాలిష్ చాలాసార్లు సరిపోతాయి. సగంలో ఆగాయంటే ప్యాడ్ కన్నా చేసే తీరులోనే లోపం ఉండే అవకాశం ఎక్కువ.

బ్యాకింగ్ ప్లేట్ అంచు మీద మార్కర్‌తో ఒక గీత పెట్టండి. పని చేస్తున్నంతసేపూ ఆ గీత తిరుగుతూ కనిపించాలి. మామూలు డీఏలో ప్యాడ్‌ను బలవంతంగా తిప్పే గేర్ ఉండదు. ఎక్కువ నొక్కినా, ప్యాడ్ ఒక పక్కకు ఒరిగినా తిరగడం ఆగి, ఉన్నచోటే వణుకుతుంది. అప్పుడు కట్ (పెయింట్‌ను కోసే శక్తి) దాదాపు ఉండదు, వేడి మాత్రం పుడుతుంది. వంపుల మీద ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

ఎంత జాగా తీసుకున్నారు? 50 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పు దాటొద్దు. కొత్త ప్యాడ్ అయితే ముందు పాలిష్‌ను వేలితో ప్యాడ్ ముఖమంతా పలచగా పట్టించండి, తర్వాత శనగగింజంత చుక్కలు 3 లేదా 4. అలా పట్టించకపోతే చుక్కలు పడినచోటే కోస్తుంది, మిగతా ఫోమ్ పొడిగా రుద్దుతుంది. స్పీడ్ 1లో పరిచి, 6 మెట్ల మెషిన్ అయితే 4 లేదా 5కి పెంచండి. చేయి సెకనుకు 2 నుంచి 3 సెం.మీ. మించి కదలకూడదు. ప్రతి వరుస ముందు వరుసను సగం కప్పుతూ ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా, మొత్తం 4 నుంచి 6 సార్లు. ఇల్లు తుడిచినట్టు చేయి ఊపేస్తే ఏ ప్యాడూ పనిచేయదు.

మైక్రాన్

సానపట్టు గారు చెప్పింది నిజమే గానీ, మైక్రోఫైబర్‌ను అలా పక్కన పెట్టేయలేం. కారు రంగుకూ, దాని మీద ఉండే పారదర్శక పూత (క్లియర్ కోట్) గట్టిదనానికీ సంబంధం లేదు. నల్ల రంగు మీద మసక తొందరగా కనిపిస్తుంది, అంతే. గట్టి క్లియర్ ఉన్న కారు మీద ఫోమ్‌తో 8 సార్లు తిప్పినా కదలని గీత మైక్రోఫైబర్‌తో 4 సార్లకే పోవచ్చు. దాని సన్నని పోగులే రాపిడి గింజలను పట్టుకుని పెయింట్‌కు ఆనిస్తాయి, పోగులూ కొంచెం కోస్తాయి. మెత్తని క్లియర్ మీద మాత్రం ఆ పోగులే సన్నని గీతలు మిగులుస్తాయి. ఉన్ని ప్యాడ్ కట్‌లో ఇంకా ముందుంటుంది, వేడి తక్కువ. కానీ గోరుకు తగలని స్విర్ల్స్‌కి అంత అవసరం రాదు.

కాబట్టి టెస్ట్ స్పాట్. బానెట్ మీద అర మీటరు చోటు టేప్‌తో కట్టి మెత్తటి జోడీతో మొదలుపెట్టండి: పాలిషింగ్ ఫోమ్, ఫినిషింగ్ పాలిష్. చాలకపోతే పాలిష్ మార్చకుండా ప్యాడ్ ఒక మెట్టు గట్టిది. అదీ చాలకపోతే మీడియం పాలిష్. ఆ తర్వాతే మైక్రోఫైబర్. ఒకసారి ఒక్కటే మార్చండి, లేకపోతే పని చేసింది ప్యాడో పాలిషో తెలియదు.

ప్రతి ప్రయత్నం తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతు, నీళ్లు ఐదారు వంతులు కలిపి తుడిచి చూడాలి. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి అవి పోయినట్టు చూపిస్తాయి. నాలుగు కడుగుళ్లకు మళ్లీ బయటపడతాయి. 'తిరిగొచ్చాయి' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే, అసలవి పోనే లేదు.

కట్ పెంచుకుంటూ పోవడానికి హద్దు ఉంది. కంపెనీ పెయింట్ మొత్తం మందం చాలా కార్లకు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు), అందులో పైనున్న క్లియర్ కోట్ 35 నుంచి 50 మైక్రాన్లే. మందం కొలిచే గేజ్ దొరికితే పని మొదలుపెట్టేముందు ప్రతి ప్యానెల్ చూడండి. అది మొత్తం మందం చెబుతుంది, క్లియర్ ఎంతో విడిగా చెప్పదు. మామూలు గేజ్ ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయదు. అంచుల దగ్గర, బాడీ లైన్ల మీద పూత పలచగా ఉంటుంది, అక్కడ టేప్ వేయడం తప్పనిసరి. నూటికి నూరు గీతలూ పోవాలని పట్టుబట్టకండి. రెండు మూడు లోతైనవి ఉండిపోతే ఉండనివ్వండి. ఒక్క గీత కోసం క్లియర్ పోగొట్టుకుంటే దాన్ని మళ్లీ తెచ్చే పాలిష్ లేదు.

ఫోమ్‌కణం

ఎన్ని, ఏ సైజు అన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు. మీ ప్లేట్ 5 అంగుళాలు కాబట్టి ప్యాడ్ ఐదున్నర అంగుళాలు. అంచు ప్లేట్ బయటికి కాస్త రావాలి, లేకపోతే ప్లేట్ తగిలి పెయింట్ చెక్కుకుపోతుంది. 6న్నర అంగుళాల ప్యాడ్ ఈ ప్లేట్ మీద పెట్టొద్దు, అంచులు ఊగుతాయి, మెషిన్ వణుకుతుంది. మందం ముఖ్యం: 15 మి.మీ. త్రోకు 20 నుంచి 25 మి.మీ. మందం చాలు. లావు ఫోమ్ మెషిన్ కదలికను తనలోనే తాగేస్తుంది. మధ్యలో రంధ్రం ఉన్నది దొరికితే అదే తీసుకోండి. వేడి ఎక్కువగా చేరేది ఆ నడిమధ్యనే.

సంఖ్య: కటింగ్ లేదా లైట్ కటింగ్ 5 లేక 6, ఫినిషింగ్ 3. కనీసం రెండు ప్యానెళ్లకు ఒకటి మార్చాలి. అందరూ తక్కువ కొనేది ఇక్కడే. ఒకే ప్యాడ్‌తో కారంతా చేస్తే ఫోమ్ తడిసి మెత్తబడుతుంది, ఊడిన క్లియర్ పొడి, వాడేసిన పాలిష్ గడ్డకట్టి కొత్త గీతలు పెడతాయి. మూడో ప్యానెల్ నుంచి ఫలితం తగ్గుతోందంటే తప్పు పాలిష్‌ది కాదు. పిల్లర్లకు, అద్దాల వెనక్కి, బంపర్ మూలలకు 3 అంగుళాల ప్లేట్, దానికి 3 ప్యాడ్లు.

ప్రతి సెక్షన్ తర్వాత ప్యాడ్‌ను మెత్తటి బ్రష్‌తో దులపండి. మైక్రోఫైబర్‌కు బ్రష్ ఒక్కటే చాలదు, కంప్రెసర్ గాలి కొడితేనే పోగులు మళ్లీ నిలబడతాయి. పని అయ్యాక గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు, చేత్తో పిసికి నీడలో ఆరబెట్టడం. ఎండలో పెడితే, వేడినీళ్లలో నానబెడితే వెల్‌క్రో పట్టించిన జిగురు విడిపోతుంది. వెల్‌క్రో అంచు లేచినా, మధ్యలో ఫోమ్ కుంగినా ఆ ప్యాడ్ ఇక పారేయడమే.

నల్లబానెట్

మార్కర్ గీత పెట్టి చూశాను, బానెట్ వంపు దగ్గర ప్యాడ్ తిరగడమే లేదు. నొక్కడం తగ్గించి, జాగా చిన్నది చేసి, తాజా ప్యాడ్ పెట్టి, అదే ఆరెంజ్ రకం, అదే మీడియం పాలిష్‌తో 6 సార్లు చేశాను. ఆల్కహాల్‌తో తుడిచాక కూడా గీతలు దాదాపు లేవు. కానీ టార్చ్ పక్కనుంచి వేస్తే పలచని మసక కనిపిస్తోంది. ఇది ఫినిషింగ్‌తో పోతుందా, లేక ప్యాడ్ మరీ గట్టిదయిందా?

సానపట్టు

పోతుంది. అది ప్యాడూ పాలిషూ కలిసి వదిలిన అతి సన్నని గీతల గుంపు, మెత్తని క్లియర్ మీద మామూలే. మీ కారుది మెత్తని క్లియరే అనుకోవచ్చు, మైక్రోఫైబర్ అక్కర్లేదు. కొత్త ఫినిషింగ్ ఫోమ్, ఫినిషింగ్ పాలిష్, స్పీడ్ 3 నుంచి 4, మెషిన్ బరువు తప్ప చేతి బరువు వద్దు, 3 లేదా 4 సార్లు. ఆఖరిసారి ఇంకా తేలిగ్గా పట్టుకోండి. కటింగ్‌కి వాడిన ప్యాడ్‌ను కడిగినా ఫినిషింగ్‌కి వాడొద్దు, లోపల గరుకు గింజ ఒక్కటి మిగిలినా చాలు.

అప్పటికీ మసక ఉంటే మొదటి మెట్టు ఒక స్థాయి తగ్గించండి: ఆరెంజ్ బదులు తెల్ల పాలిషింగ్ ఫోమ్, అదే మీడియం పాలిష్. కొంచెం ఎక్కువసేపు పడుతుంది.

మైక్రాన్

ఒక్కటి కలుపుతాను. మిగతా ప్యానెళ్లకు వెళ్లేముందు కారు కడిగి, క్లే (పెయింట్‌కు అంటిన మురికిని లాగే ముద్ద) చేయడం మరవకండి. పెయింట్‌కు అతుక్కున్న ఇనుప రేణువు ఫోమ్‌లోకి చేరితే, తీసిన స్విర్ల్స్‌ను అదే మెషిన్‌తో మళ్లీ పెట్టినట్టే. ప్యాడ్ కిందపడితే కడిగేదాకా వాడొద్దు. పాలిష్ తుడిచే టవల్ కూడా అంచు కుట్టు లేనిది, పొడవాటి పోగులది చూసుకోండి. నల్ల పెయింట్ మీద టవలే మళ్లీ గీస్తుంది.