పేనుబంకకు రెక్కలు: పుట్టుకతోనా, పరిస్థితి వల్లా?

భూతద్దం:
బఠాణీ పేనుబంక రెండు మూడు మిల్లీమీటర్ల పురుగు. ఒకే కొమ్మ మీద రెక్కలున్నవీ లేనివీ పక్కపక్కనే ఉంటాయి. ఇదంతా పరిస్థితి పనే అంటాను. వేసవిలో ఆడవి మగతోడు లేకుండానే పిల్లల్ని కంటాయి. పిల్లలన్నీ తల్లికి నకళ్లే. గుంపు కిక్కిరిసి మిగతావి తల్లిని పదేపదే తగులుతుంటే, కడుపులోని పిల్లలు రెక్కల దారి పడతాయి. జన్యువు అదే, రూపం వేరు. ఇక వాదనేముంది?

కీచురాయి:
ఉంది. మగవాటిని కూడా ఆడవాటి ఖాతాలోనే రాసేశారు. మగదానికి ఎక్స్ క్రోమోజోము ఒక్కటే. రెక్కలొస్తాయో రావో దాని మీదున్న ఒక చోటే తేలుస్తుంది. ఎంత ఇరుకైనా రెక్కలేని రకం మగదానికి రెక్కలు రావు. రెండు రకాల ఎక్స్ ఉన్న తల్లికి కొడుకులు దాదాపు సగం అలా, సగం ఇలా పుడతారు. అక్కడ ఏముందో 2020లో బయటపడింది: రెక్కలేని మగవాటి ఎక్స్‌లో ఫోలిస్టాటిన్ జన్యువు అదనపు కాపీతో ఒక పెద్ద ముక్క చొరబడి ఉంది.

మూడోకన్ను:
ఇద్దరూ రెక్కల దగ్గరే ఆగిపోయారు. లెన్సు కింద చూడండి. రెక్కలున్న ఆడదాని నెత్తిన, పెద్ద కళ్లు కాక, మూడు చిన్న కళ్లు కనిపిస్తాయి. రెక్కలేనిదానికి అవి ఉండవు. రెక్కలున్నదాని రొమ్ము భాగం కండపట్టి ఉంటుంది. ఈ సరంజామా ఊరికే రాదు, పిల్లలు తగ్గుతారు. పైగా కొత్త మొక్క మీద దిగాక ఎగిరే కండరాలు కరిగిపోతాయి! చలికాలం ముందు గుడ్లు పెట్టే ఆడవి ఇంకో రకం. వాటికి రెక్కలుండవు, వెనక కాళ్లు మాత్రం లావెక్కి ఉంటాయి. మగవాటిని పిలిచే వాసన ఆ కాళ్ల నుంచే వస్తుంది.

భూతద్దం:
బాగుంది. మగవాటిని పక్కన పెడదాం. ఆడవాటిలో జన్యువుకు చోటెక్కడ?

కీచురాయి:
ఒకే ఇరుకులో పెట్టినా కొన్ని క్లోన్లు, అంటే ఒకే తల్లి నకళ్ల వంశాలు, ఇట్టే రెక్కల పిల్లల్ని కంటాయి, కొన్ని మొండికేస్తాయి. ఆ మొండితనంలోని తేడాకూ, మగవాటి రెక్కలు తేల్చే ఎక్స్ చోటుకూ లంకె ఉందని 2005లోనే తేలింది. మీరు పరిస్థితి అంటున్నదానికి కూడా ఒక మీట ఉంది, దాని బిగువు పుట్టుకతో వచ్చిందే.

భూతద్దం:
లంకె ఉన్నంత మాత్రాన అదే జన్యువు అనలేం, పక్కనున్న ఇంకొకటీ కావచ్చు. మీట బిగువు ఎలా ఉన్నా నొక్కేది బయటి ఇరుకే. మగవాటికి ఆ నొక్కుడే అక్కర్లేదు. అలాంటప్పుడు రెండింటినీ ఒకే గాటన కట్టి 'జన్యువు' అని ఎలా తీర్పిస్తారు?